విక్టోరియా కాలపు అద్భుత కథలు పిల్లలకు చదివి వినిపించడం ఎలా?

ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి ఏలిన కాలం 1837 నుంచి 1901 వరకు. ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కథలో ఆలిస్ కుందేలు బొరియలో పడింది ఆ రోజుల్లోనే. మన పిల్లలకు ఈ కథలు కార్టూన్లుగానో, పది పేజీల బొమ్మల పుస్తకాలుగానో తెలుసు. అసలు రచనలు చదివితే మాత్రం వాటి రుచే వేరు. అవి నోటితో చెప్పడానికి పుట్టిన కథలు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పే లూయిస్ కారల్ 1862 జులై 4న ముగ్గురు అక్కచెల్లెళ్లను పడవలో తీసుకెళ్తూ అల్లిన కథే 1865లో ఆలిస్ పుస్తకంగా వచ్చింది. అచ్చుకు ముందు ఆ చేతిరాత ప్రతిని జార్జ్ మాక్డొనాల్డ్ అనే రచయిత ఇంట్లో పిల్లలకు చదివి వినిపించారు. ఆయన కొడుకు, ఆరేళ్ల గ్రెవిల్ విని, ఇలాంటివి అరవై వేల పుస్తకాలు ఉంటే బాగుండునన్నాడట. అందుకే పుస్తకం పిల్లల చేతికిచ్చి ఊరుకోకండి, పక్కన కూర్చుని మీరే చదవండి.

ముందు ప్రతి సంపాదించండి

వీటికి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది. లిబ్రివాక్స్ వెబ్‌సైట్‌లో ఆడియో కూడా ఉంటుంది. కొనేటప్పుడు అట్ట మీద ‘సంక్షిప్తం’ అని ఉంటే పక్కన పెట్టేయండి. పాత బొమ్మలున్న ప్రతి దొరికితే ఇంకా మంచిది. ఆలిస్‌కు జాన్ టెనియల్ వేసిన 42 బొమ్మలు, మాక్డొనాల్డ్ కథలకు ఆర్థర్ హ్యూస్ వేసిన బొమ్మలు కథలో సగం పని చేస్తాయి.

మొదటి రాత్రికి చిన్న కథ

చాలామంది నేరుగా ఆలిస్‌తో మొదలుపెట్టి మూడో అధ్యాయం దగ్గర ఆపేస్తారు. నేనైతే ఆస్కార్ వైల్డ్ 1888 సంపుటిలోని ‘ది సెల్ఫిష్ జెయింట్’తో మొదలుపెట్టమంటాను. ఒక్క కూర్చోడంలో అయిపోతుంది. తోటలోకి పిల్లల్ని రానివ్వనివాడి తోటకు వసంతమూ రాదు, అంతే కథ. ‘జెయింట్’ను రాక్షసుడు అనకండి. మన పిల్లలకు రాక్షసుడంటే పురాణాల్లో చావాల్సినవాడు. ఇతను మనసు మారే మనిషి. ‘కొండంత మనిషి’ అంటే చాలు. ఈ కథ చెబుతుంటే వైల్డ్ కళ్లు చెమ్మగిల్లేవని, ఎందుకని పెద్దకొడుకు సిరిల్ అడిగాడని, నిజంగా అందమైనవి తనను ఎప్పుడూ ఏడిపిస్తాయని ఆయన అన్నాడని చిన్నకొడుకు రాసుకున్నాడు. చివర మీ గొంతు పూడుకుపోతే దాచుకోకండి.

తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి

నూట యాభై ఏళ్ల నాటి ఇంగ్లిష్ ఇది. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. వాక్యానికోసారి ఆగి అర్థం చెబితే కథ ముక్కలైపోతుంది. ముందురోజు మీరు ఒంటరిగా చదువుకోండి. మొదటి రాత్రి మీ మాటల్లో తెలుగులో చెప్పండి. రెండో రాత్రి అదే కథ ఇంగ్లిష్‌లో ఆగకుండా చదవండి. ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి పిల్లలు తెలియని మాటలను వాళ్లంతట వాళ్లే దాటేస్తారు.

కొన్ని కథలు తెలుగులో మరింత బాగా అమరుతాయి. మాక్డొనాల్డ్ ‘ది లైట్ ప్రిన్సెస్’ చూడండి. బారసాల లాంటి వేడుకకు పిలవడం మరిచారని రాజుగారి తోబుట్టువు పసిపాప బరువు లాగేసుకుంటుంది. పాప గాల్లో తేలుతుంది. అంతకన్నా ఘోరం, ఆమెకు ఏదీ మనసుకు పట్టదు. దేనికైనా నవ్వే. ఇంగ్లిష్‌లో ‘గ్రావిటీ’ అనే ఒకే మాటకు బరువు అనీ, గాంభీర్యం అనీ రెండర్థాలుండటం మీద నడిచే చమత్కారం అది. తెలుగులో మనం ‘గుండె బరువెక్కింది’ అంటాం, ‘తేలిగ్గా తీసుకున్నాడు’ అంటాం. మాట తయారుగా ఉంది! సరస్సులో ఈదేటప్పుడు మాత్రమే ఆమెకు బరువుంటుంది. ఆ నీళ్లు ఇంకిపోకుండా రంధ్రానికి తన ఒళ్లే అడ్డుపెట్టి ఒక రాకుమారుడు మునిగిపోతుంటే, ఆమె అతన్ని బయటికి లాగి జీవితంలో మొదటిసారి ఏడుస్తుంది. అప్పుడు బరువొస్తుంది. లేచి నిలబడబోయి కిందపడుతుంది. ఆ పడటం దగ్గర నెమ్మదిగా చదవండి.

ఆలిస్‌కు వచ్చాక ఇంకో పని. అందులోని పాటలు చాలావరకు ఆనాటి బడి పిల్లలు బట్టీ పట్టిన నీతి పద్యాలకు పేరడీలు. అసలు పద్యం తెలియకపోతే నవ్వు రాదు. ‘చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా’ను ముందు మీ పిల్లలతో కలిసి తలకిందులు చేయండి. ఆ తర్వాత మొసలి పాట చదవండి.

రోజుకో అధ్యాయం

చిన్న కథలు నాలుగైదు అయ్యాక, 1872లో పుస్తకంగా వచ్చిన మాక్డొనాల్డ్ ‘ది ప్రిన్సెస్ అండ్ ది గాబ్లిన్’ తీసుకోండి. అధ్యాయాలు 32, నెల రోజుల పని. ఇది ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చింది కాబట్టి అధ్యాయం చివర ఆపడం తేలిక. కొండ కింద గాబ్లిన్లు అనే వికారపు మరుగుజ్జులు ఉంటారు. వాళ్లకు పాటలంటే పడదు, పాదాలు మెత్తన. గనిలో పనిచేసే కర్డీ పద్యాలు పాడి, కాళ్లు తొక్కి వాళ్లను తరుముతాడు. ఆ పద్యాలు పిల్లల చేత గట్టిగా అరిపించండి. మేడమీద గదిలో ముత్తవ్వ సాలెగూటి పోగుతో వడికిన దారం రాకుమారి ఐరీన్ చేతికి తగులుతుంది. కర్డీ చేతికి తగలదు. ‘దారం నిజంగా ఉందా?’ అని మీ పిల్లలు అడుగుతారు. వాళ్లనే చెప్పమనండి. మాక్డొనాల్డ్ 1893 నాటి వ్యాసంలో తాను పిల్లల కోసం కాదు, అయిదేళ్లవాళ్లయినా, యాభై, డెబ్బై అయిదేళ్లవాళ్లయినా పిల్లల మనసున్నవాళ్ల కోసం రాస్తానన్నాడు. కథ అర్థాన్ని ఎవరికి వాళ్లు తెలుసుకోవాలన్నదే ఆయన పట్టు.

చావు, చేదు మాటలు

ఈ కథల్లో పిల్లలూ చనిపోతారు. మాక్డొనాల్డ్ ‘ఎట్ ది బ్యాక్ ఆఫ్ ది నార్త్ విండ్’లో బండివాడి కొడుకు డైమండ్ చివరికి బతకడు. మాక్డొనాల్డ్ పదకొండుమంది బిడ్డల్లో కొందరిని క్షయ తీసుకుపోయింది. ఆ ఇళ్లలో చావు దాచిపెట్టే విషయం కాదు. ముగింపు మార్చి చెప్పకండి. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే మాత్రం ఆ పుస్తకాన్ని కొన్నాళ్లు ఆపండి.

చార్లెస్ కింగ్‌స్లీ ‘ది వాటర్ బేబీస్’ (1863) విషయం వేరు. పొగగొట్టాలు ఊడ్చే టామ్ బతుకును అంత దయతో రాసినవాడే ఐరిష్‌వాళ్ల గురించి, నల్లవాళ్ల గురించి తూలనాడాడు. ముందే చదివి ఆ చోట్ల పెన్సిల్ గీత పెట్టుకోండి. చిన్నపిల్లలైతే దాటేయండి. పన్నెండేళ్లు దాటినవాళ్లయితే చదివి, అది తప్పని చెప్పండి.

వాళ్లు నిద్రపోయాక

మీకోసం ‘ఫాంటస్టీస్’ (1858) ఉంది. మాక్డొనాల్డే దాన్ని పెద్దల కోసం రాసిన అద్భుత కథ అని చెప్పుకున్నాడు. 1916లో తర్వాత నార్నియా కథలు రాసిన సి. ఎస్. లూయిస్ పదిహేడేళ్ల వయసులో రైల్వే స్టేషన్ పుస్తకాల షాపులో దీన్నే కొన్నాడు. కథానాయకుడు నిద్రలేచేసరికి ముఖం కడుక్కునే తొట్టి పొంగి నీళ్లు తివాచీ మీద వాగై పారుతుంటాయి, తివాచీ మీది పూలూ గడ్డీ గాలికి ఊగుతుంటాయి. మొదటి రెండు అధ్యాయాలూ ఒకేసారి చదవండి. మొదటిదాని దగ్గర ఆపితే ఆ వాగు మీకు కనిపించదు.