గని కంపెనీ షేర్ల పాత ధరలను అర్థం చేసుకోవడం ఎలా?

నల్లగొండ, పాలమూరు వైపు గనుల మాట కొత్తది కాదు. లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్ పేర్లు యురేనియం వార్తల్లో వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో గని కంపెనీల షేర్ల ముచ్చట మొదలవుతుంది. ఎవరో ఒకరు చార్టు ఫొటో పెట్టి "చూడండి, ఎంత పడిపోయిందో, ఇప్పుడే కొనాలి" అంటారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుని అలాంటి ఒక్క ఫొటో చూసి పెట్టేవాళ్లు ఉన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. గని కంపెనీ పాత ధరల్లో పడిన ప్రతిసారీ నష్టం వచ్చినట్టు కాదు, పెరిగిన ప్రతిసారీ లాభం వచ్చినట్టూ కాదు. ఆ తేడా పట్టుకోవడానికి లెక్కలు పెద్దగా రానక్కర్లేదు. ఒక నోటుబుక్కు, కాస్త ఓపిక చాలు.

ముందు, ఆ కంపెనీకి షేరు ఉందా?

సింగరేణి షేర్లు ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడుగుతారు. దొరకవు. అందులో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. స్టాక్ మార్కెట్లో అది లేదు. యురేనియం తవ్వే ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ కూడా లిస్ట్ కాలేదు. వీటి పేరుతో షేర్లు ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. మన దగ్గర సున్నపురాయి తవ్వే కంపెనీల్లో మార్కెట్లో ఉన్నవి ఎక్కువగా సిమెంటు కంపెనీలు. వాటి ధర సిమెంటు బస్తా రేటు వెంట నడుస్తుంది కాబట్టి వాటిని గని కంపెనీల లెక్కన చదవకూడదు.

నేర్చుకోవడానికి ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ బాగా పనికొస్తుంది. హెడ్డాఫీసు హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో ఉంది, ఇనుప ఖనిజం గనులు ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిల్లాలో, కర్ణాటకలోని దోణిమలైలో ఉన్నాయి. పాత ధరల్లో ఎన్ని రకాల చిక్కులు రావచ్చో దాదాపు అన్నీ ఈ ఒక్క కంపెనీలోనే కనిపిస్తాయి. ఈ ఉదాహరణ నేర్చుకోవడానికే. కొనమని గానీ అమ్మమని గానీ చెప్పడం లేదు.

ధరల పట్టిక తెచ్చుకోండి

ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ అనేవి షేర్ల కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎక్స్‌ఛేంజీలు. ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే హిస్టారికల్ డేటా అనే భాగం వస్తుంది. బీఎస్‌ఈలో అయితే ఎన్‌ఎండీసీ కోడ్ 526371. తేదీలు ఇచ్చి ఫైలు డౌన్‌లోడ్ చేసుకుంటే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. ప్రతి రోజుకూ ప్రారంభ ధర, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు ధర, ఎన్ని షేర్లు చేతులు మారాయి అన్నవి ఉంటాయి. మొదట్లో తేదీ, ముగింపు ధర, షేర్ల సంఖ్య చూస్తే సరిపోతుంది. డెలివరీ అయిన షేర్ల సంఖ్య కూడా దొరికితే తీసి పెట్టుకోండి. ధర బాగా కదిలిన రోజున నిజంగా కొని ఉంచుకున్న షేర్లు ఎన్నో, సాయంత్రానికల్లా అమ్మేసినవి ఎన్నో అది చెబుతుంది.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఎక్స్‌ఛేంజీ ఇచ్చే పట్టికలో ఆ రోజు నిజంగా పలికిన ధర ఉంటుంది. ట్రేడింగ్‌వ్యూ, యాహూ ఫైనాన్స్ లాంటి చోట్ల చార్టులో కనిపించేది సవరించిన ధర. తర్వాత వచ్చిన బోనస్‌లు (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్‌లు (ఒక షేరుని చిన్న షేర్లుగా విడగొట్టడం) లెక్కలోకి తీసుకుని పాత ధరల్ని తగ్గించి చూపిస్తారు. యాహూలో అడ్జస్టెడ్ క్లోజ్ అనే వరుస ఉంటుంది, అందులో డివిడెండ్ (కంపెనీ వాటాదారులకు పంచే లాభం) కూడా తీసేసి లెక్క కడతారు. ఒకే తేదీకి మూడు చోట్ల మూడు అంకెలు కనిపిస్తే ఏదో తప్పు జరిగిందని టెన్షన్ పడకండి. మీరు చూస్తున్నది ఏ రకం ధరో పట్టిక పైన రాసుకోండి. ఒక వరుస ఇక్కడి నుంచి, ఇంకో వరుస అక్కడి నుంచి తెచ్చి కలపొద్దు.

షేర్ల సంఖ్య ఎప్పుడు మారిందో గుర్తు పెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని. ఎక్స్‌ఛేంజీ వెబ్‌సైట్‌లోనే కార్పొరేట్ యాక్షన్స్ అనే జాబితా ఉంటుంది. బోనస్, స్ప్లిట్, డీమెర్జర్ (కంపెనీలో ఒక భాగాన్ని వేరే కంపెనీగా విడదీయడం), డివిడెండ్ తేదీలన్నీ అందులో దొరుకుతాయి. వాటిని ధరల పట్టిక పక్కన రాసుకోవాలి.

ఎన్‌ఎండీసీలో 2008లో రెండు పనులు జరిగాయి. ఒక షేరుకి రెండు బోనస్ షేర్లు ఇచ్చారు, 10 రూపాయల ముఖ విలువను (షేరు మీద రాసి ఉండే విలువ) 1 రూపాయి చేసి ఒక్కో షేరుని పదిగా విడగొట్టారు. అంటే ఒక పాత షేరు 30 షేర్లయింది. అది తెలియకుండా 2008 ముందు ధరని తర్వాతి ధర పక్కన పెడితే కంపెనీ మునిగిపోయిందనిపిస్తుంది. ఎకరం రేటు, గుంట రేటు పక్కపక్కన పెట్టి భూమి ధర పడిపోయిందన్నట్టే అది.

2024 డిసెంబరు 27 రికార్డు తేదీగా, అంటే ఆ రోజుకు షేర్లు ఉన్నవాళ్లకు, మళ్లీ ఒకటికి రెండు బోనస్ ఇచ్చారు. రెండు వందలు దాటి ఉన్న షేరు 70 రూపాయల ప్రాంతానికి వచ్చింది. దేవరకొండ రోడ్డులో ఉండే మా మామ ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అల్లుడా, ఏందిరా ఇది, రాత్రికి రాత్రి నా పైసలు మూడో వంతుకు వచ్చినయ్?" అన్నాడు. "మామా, షేర్లు మూడింతలైతయ్, ఖాతాల పడేదాకా ఆగు" అన్నాను. బోనస్ షేర్లు డీమ్యాట్‌లోకి (షేర్లు దాచుకునే ఖాతా) రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఆ మధ్యలో యాప్ ఎర్ర రంగులో పెద్ద నష్టం చూపిస్తుంది. ఆ గాభరాలో అమ్మేయకూడదు.

2010లో ప్రభుత్వం తన వాటాలో కొంత 300 రూపాయలకు అమ్మింది. చిన్న మదుపరులకు 5 శాతం తగ్గింపు, అంటే 285 పడింది. అప్పుడు 100 షేర్లు 28,500కి కొన్నవాళ్ల దగ్గర ఇప్పుడు 300 ఎన్‌ఎండీసీ షేర్లు, వాటితోపాటు 100 ఎన్‌ఎండీసీ స్టీల్ షేర్లు ఉండాలి. ఇన్నేళ్ల డివిడెండ్లు వేరే. ఈ మూడూ కలిపి 28,500తో పోల్చితేనే అసలు లెక్క తేలుతుంది. ఒక్క షేరు ధర చూస్తే ఏమీ తేలదు.

బైబ్యాక్ సంగతి వేరు. కంపెనీ తన షేర్లు తానే కొని రద్దు చేస్తే పాత ధరల్ని ఎవరూ సవరించరు. 2008 తర్వాత 396 కోట్లు ఉన్న ఎన్‌ఎండీసీ షేర్లు బైబ్యాక్‌ల వల్ల 293 కోట్లకు తగ్గాయి. 2024 బోనస్‌తో మళ్లీ 879 కోట్లయ్యాయి. కాబట్టి పదేళ్ల కిందటి కంపెనీ మొత్తం విలువని ఇప్పటిదానితో పోల్చాలంటే ధరని ఆయా కాలాల్లో ఉన్న షేర్ల సంఖ్యతో గుణించి చూడండి.

ఒకే ఏడాదిలో రెండు పతనాలు

2022ని తీసుకోండి. ఎక్స్‌ఛేంజీ పట్టికలో ఆ ఏడాది ఎన్‌ఎండీసీ ధర రెండుసార్లు గట్టిగా తగ్గినట్టు కనిపిస్తుంది.

మొదటిది మేలో. కేంద్రం మే 22 నుంచి ఇనుప ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అది ఆదివారం. మర్నాడు మార్కెట్ తెరవగానే గనుల షేర్లు, ఉక్కు షేర్లు కుప్పకూలాయి. ఇది నిజమైన నష్టం. బయటి దేశాలకు అమ్మలేకపోతే ఆ ఖనిజమంతా దేశంలోనే మిగులుతుంది, రేటు తగ్గుతుంది. నవంబరు 19న ఆ పెంపును వెనక్కి తీసుకున్నారు. చార్టు మీద ఈ రెండు తేదీల దగ్గర గీతలు గీసి, మధ్యలో ధర ఎలా నడిచిందో చూడండి.

రెండోది అక్టోబరు చివర. ఛత్తీస్‌గఢ్‌లోని నగర్నార్ ఉక్కు ఫ్యాక్టరీని ఎన్‌ఎండీసీ స్టీల్ పేరుతో వేరు చేశారు. రికార్డు తేదీ అక్టోబరు 28. ఫ్యాక్టరీ విలువ బయటికి పోయింది కాబట్టి ఎన్‌ఎండీసీ ధర ఆ మేరకు తగ్గింది. ప్రతి షేరుకీ ఒక ఎన్‌ఎండీసీ స్టీల్ షేరు ఇచ్చారు, కానీ అది మార్కెట్లోకి వచ్చింది 2023 ఫిబ్రవరిలో, 30 రూపాయల ప్రాంతంలో. ఆ మూడు నాలుగు నెలలు వాటాదారు ఆస్తిలో ఒక ముక్క ఏ పట్టికలోనూ కనిపించలేదు. మేలో పోయింది విలువ. అక్టోబరులో విలువ పక్క ఖాతాకి మారింది. పట్టికలో మాత్రం రెండూ పడిపోయినట్టే ఉంటాయి.

కదలికకి కారణం పక్కన రాయండి

గని కంపెనీ ధర కంపెనీ చేతిలో ఉన్నది తక్కువ. ఖనిజం రేటు, ప్రభుత్వ ఉత్తర్వు, కోర్టు తీర్పు, గని లీజు దాన్ని నడిపిస్తాయి. 2018 నవంబరులో కర్ణాటక ప్రభుత్వంతో లీజు వివాదం వచ్చి దోణిమలై గని ఆగింది, 2021 ఫిబ్రవరిలో మళ్లీ మొదలైంది. 2019 జనవరిలో బ్రెజిల్‌లో వాలే కంపెనీ ఆనకట్ట తెగి వందలమంది చనిపోయాక ప్రపంచమంతా ఇనుప ఖనిజం రేటు పెరిగింది. 2021 మేలో టన్ను 200 డాలర్లు దాటింది. 2024 జులై 25న సుప్రీంకోర్టు రాయల్టీ (ఖనిజం తవ్వినందుకు కట్టే సొమ్ము) అంటే పన్ను కాదని, ఖనిజాల మీద పన్ను వేసే హక్కు రాష్ట్రాలకు ఉందని తీర్పు చెప్పింది. 2005 ఏప్రిల్ నుంచి పాత బకాయిలు కూడా వసూలు చేసుకోవచ్చని ఆగస్టు 14న చెప్పింది.

ఎన్‌ఎండీసీ ప్రతి నెల మొదట్లో ఉత్పత్తి, అమ్మకాల అంకెలు ఎక్స్‌ఛేంజీకి పంపుతుంది. ఖనిజం రేటు మార్చినప్పుడూ తెలియజేస్తుంది. ఒక ఏడాదికి ఈ ప్రకటనలన్నీ ధరల పట్టిక పక్కన రాసుకుంటే చాలు, ఏ వార్తకి షేరు కదిలిందో మీకే తెలిసిపోతుంది.

ఇంకో మాట. లాభాలు బాగా వచ్చిన ఏడాది పీఈ నిష్పత్తి (షేరు ధరని ఒక్కో షేరుకి వచ్చే లాభంతో భాగిస్తే వచ్చే అంకె) చిన్నగా ఉండి షేరు చవకగా కనిపిస్తుంది. ఖనిజం రేటు శిఖరం మీద ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. రేటు దిగితే లాభం దిగుతుంది, అప్పటిదాకా చవక అనుకున్నదే ఖరీదవుతుంది. అందుకని ఒక ఏడాది లాభం పట్టుకుని పాత ధరని తూచకండి. ఐదేళ్లు, వీలైతే పదేళ్ల లాభాలు చూడండి.

డివిడెండ్ కలపండి

కోల్ ఇండియా 2010 నవంబరులో 245 రూపాయల ఇష్యూ ధరతో మార్కెట్లోకి వచ్చింది. మొదటి రోజే 340 దాటి ముగిసింది. పదేళ్ల తర్వాత, 2020 అక్టోబరులో, 120 కంటే కిందికి దిగింది. సగానికి సగం పోయిందనిపిస్తుంది. కానీ 2014 జనవరిలో ఒక్కసారే షేరుకి 29 రూపాయల డివిడెండ్ ఇచ్చారు, ఆ పదేళ్లలో వచ్చినవన్నీ కలిపితే 100 దాటాయి. 2024 ఆగస్టులో ధర 540 దాటింది. ప్రభుత్వ గని కంపెనీలు డివిడెండ్ ఎక్కువ ఇస్తాయి కాబట్టి వీటి విషయంలో ఇది కలపకుండా లెక్క పూర్తికాదు.

అమ్మేటప్పుడు పన్ను కోసం

పాత ధరలతో మరో పని కూడా ఉంది. 2018 జనవరి 31 వరకు కొన్న లిస్టెడ్ (మార్కెట్లో ఉన్న) షేర్లకు, ఆ రోజు ఎక్స్‌ఛేంజీలో పలికిన గరిష్ఠ ధర మీరు కొన్న ధర కంటే ఎక్కువైతే దాన్నే కొన్న ధరగా తీసుకోవచ్చు, అమ్మిన ధరకు మించకుండా. దీనికి చార్టులోని సవరించిన ధర పనికిరాదు, ఎక్స్‌ఛేంజీ పట్టికలోని అసలు అంకె కావాలి. 2024లో వచ్చిన ఎన్‌ఎండీసీ బోనస్ షేర్లకు కొన్న ధర సున్నా. డీమెర్జర్‌లో వచ్చిన స్టీల్ షేర్లకు మీ పాత ధరలో కొంత భాగం పంచాలి, ఎంతన్నది కంపెనీ వాటాదారులకు తెలియజేస్తుంది. 2010 కాంట్రాక్ట్ నోటు (కొన్నప్పుడు బ్రోకర్ ఇచ్చిన కాగితం), ఆ పట్టిక, ఆ నిష్పత్తి కాగితం ఒకే ఫైల్లో పెట్టి ఆడిటర్‌కి ఇవ్వండి.