తాతగారి మిలిటరీ ఉన్ని ప్యాంటు: మృగశిర కార్తెలోపే చూసుకోండి

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీకి వెళ్లిన భారత సైనికులు అక్కడి చలికి వేసుకున్నది బ్రిటిష్ 'బ్యాటిల్‌డ్రెస్' అనే ఉన్ని యూనిఫాం. దాని ఖాకీ ప్యాంటు మీ ఇంటి ట్రంకుపెట్టెలో ఉంటే వానలు పడకముందే బయటికి తీయండి.

తీసేటప్పుడు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. 1943-44 చలికాలంలో ఇటలీలోని నేపుల్స్‌లో పేల వల్ల వ్యాపించే టైఫస్ జ్వరం వస్తే ఆ పేలను చంపడానికి జనం బట్టల్లోకి డీడీటీ పొడి కొట్టారు. సైన్యమూ వాడింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు పెట్టెలో ఏ మందు చల్లారో ఎవరికి గుర్తుంటుంది?

ఉతకొద్దు. ఆ ప్యాంటంతా ఒకటే గుడ్డ కాదు మరి. పైన సర్జ్ అనే మందపాటి ఉన్ని గుడ్డ, నడుము పట్టీ లోపల, జేబుల్లో నూలు గుడ్డ, గుండీల్లో కొన్ని లోహానివి. నీళ్లు తగిలితే ఉన్ని ముడుచుకుపోతుంది, నూలు అంతగా ముడుచుకోదు, మధ్యలో కుట్టు నలిగిపోతుంది. ఇనుప గుండీ తుప్పు పడితే దాని చుట్టూ గుడ్డ పొడిపొడి అవుతుంది. నడుము లోపలి లేబుల్ మీద సైజు, తయారీదారు, సంవత్సరం ఉంటాయి. ప్యాంటు కంటే అదే విలువైందని నా అభిప్రాయం. ముందు దానికి ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక చిమ్మట పురుగు. అది ఎక్కువగా చెమట, మరకలు ఉన్న చోటే తినడం మొదలుపెడుతుంది. నడుము పట్టీ, కాళ్ల మధ్య కుట్టు, ఎడమ తొడ మీది పెద్ద జేబు మూత కింద టార్చి వేసి చూడండి. చిల్లులే పడక్కర్లేదు. పైనూగు పోయి నేత గీతలు కనిపిస్తున్నా, సన్నటి ఇసుకలాంటి రెట్ట రాలినా పురుగు ఉన్నట్టే. అప్పుడు పాలిథిన్ కవర్‌లో గాలి తీసి, టేపు వేసి, మైనస్ 18 డిగ్రీలకు దిగే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఫ్రిజ్ పై అర అంత చల్లబడకపోతే అది చాలదు. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పకండి, లేకపోతే చెమ్మ గుడ్డకే పడుతుంది.

రోహిణి ఎండలో ఆరేస్తే పురుగు చస్తుందని పెద్దవాళ్లు అంటారు. రంగు కూడా పోతుంది. నీడన, గాలి తగిలేచోట పరిస్తే చాలు.

దాచేటప్పుడు హ్యాంగర్‌కు వేలాడదీయొద్దు, బరువంతా నడుము కుట్టు మీదే పడుతుంది. గంజి పెట్టని పాత నూలు చీరలో, మడతల్లో అదే గుడ్డ చుట్టలు పెట్టి చుట్టండి. గంజి ఉంటే సిల్వర్‌ఫిష్ అనే పురుగు వస్తుంది. పచ్చి వేపాకు వేయకండి, తడికి మరక పడుతుంది. తుప్పుపట్టిన ట్రంకులో మళ్లీ పెట్టకుండా బీరువా పై అరలో పెట్టి, వానాకాలమంతా నెలకోసారి విప్పి చూడండి.