నైరోబీ నుంచి లాగోస్: హర్మటాన్ రోజుల్లో విమానం ఎక్కే ముందు

కెన్యాలోని నైరోబీ నుంచి నైజీరియాలోని లాగోస్ గాలిదారిన సుమారు 3,800 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానంలో అయిదు గంటలు, కొంచెం అటూ ఇటూగా. టికెట్ మీద మాత్రం వెళ్లేటప్పుడు మూడు గంటలే అనిపిస్తుంది, వచ్చేటప్పుడు ఏడు. నైరోబీ గడియారం రెండు గంటలు ముందుంటుంది మరి. ఉదయం 8కి ఎక్కితే అక్కడ దిగేసరికి 11, తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం 12కి బయలుదేరితే ఇక్కడ రాత్రి 7. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ తేడాను ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

నవంబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా మాత్రం ఈ అయిదు గంటల లెక్కను నమ్ముకోకండి. అవి హర్మటాన్ రోజులు. సహారా వైపు నుంచి పొడిగాలి సన్నటి ధూళిని మోసుకొస్తుంది. ఒక జనవరి పొద్దున లాగోస్‌లో హోటల్ కిటికీ తెరిస్తే రోడ్డవతలి మేడ మసకగా కనిపించింది. కిటికీ గట్టు మీద వేలు పెట్టి లాగితే గీత పడింది. రాత్రే తుడిచిన గట్టు అది! ఆ రోజు నా విమానం ఆరు గంటలు ఆలస్యం. లాగోస్ నుంచి అబుజా, కానో వైపు వెళ్లేవాళ్లకు ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఉత్తరానికి పోయేకొద్దీ ధూళి చిక్కనవుతుంది.

అందుకే పెళ్లికో, మీటింగుకో వెళ్తుంటే ఒక రోజు ముందే చేరేలా చూసుకోండి. వీలైతే పొద్దున విమానమే తీసుకోండి, అది రద్దయినా సాయంత్రం దాకా ఇంకో దారి వెతుక్కోవచ్చు. లాగోస్ నుంచి ముందుకు వెళ్లే విమానానికి వేరే టికెట్ కొనకండి. రెండూ ఒకే బుకింగులో ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత విమాన సంస్థదే. విడివిడిగా కొంటే ఆ డబ్బు పోయినట్టే.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది పసుపు కార్డు, అదే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్. నైజీరియాలో దిగగానే అడుగుతారు, నైరోబీకి తిరిగొచ్చినా అడుగుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లే మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాలంటూ భారత ప్రభుత్వం పెట్టిన జాబితాలో కెన్యా, నైజీరియా రెండూ ఉన్నాయి. కార్డు లేకపోయినా, పది రోజులు నిండకపోయినా ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. పండగ అక్కడే అయిపోతుంది. హైదరాబాద్ నుంచి బయలుదేరేవాళ్లకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. కార్డు చేతికి రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టి పేరు, నంబరు, తేదీ ఒక్కో అక్షరం సరిచూసుకోండి. నా కార్డులో ఒక అంకె తప్పు పడింది. కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆ పావుగంట ఇప్పటికీ మర్చిపోలేను.

ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్హేలర్‌ను చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేయకండి. మాస్కు, పెదాలకు వ్యాజలీన్, తాగడానికి నీళ్లు తప్పనిసరి. కానో వైపు వెళ్తుంటే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా గురించి కూడా డాక్టరును అడగండి, అక్కడ ఆ జబ్బు వానల్లేని ఈ పొడి నెలల్లోనే ప్రబలుతుంది.

లాగోస్‌లో మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. పొడిగాలి కదా, దోమలుండవులే అనుకోవద్దు. తిరిగొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే డోలోతో సరిపెట్టకండి. ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పి, మలేరియా పరీక్ష చేయమని మీరే అడగండి.