అమెరికాలో వేసుకున్న టీకాతో భుజం పట్టేస్తే

2023 అక్టోబరులో ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు, సరుకులకు పోతూ పోతూ మందుల షాపులో నాకు ఫ్లూ టీకా వేయించాడు. ఎడమ భుజంలో బాగా పైకి పొడిచారు. ఆ రాత్రి నుంచే పోటు. తిరుపతి వచ్చాక అలిపిరిలో అందరితోపాటు గోవిందా అని చేతులెత్తబోతే కుడి చెయ్యి ఒక్కటే లేచింది. సూది కండలో కాక కీలు దగ్గర దిగితే ఇలా అవుతుందట. అక్కడ దీన్ని సిర్వా అంటారు.

దీనికి అక్కడి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. 1986 నాటి చట్టం అది. పౌరసత్వం అక్కర్లేదు, విజిటర్ వీసా మీద పోయిన నాలాంటి వాళ్లూ అడగొచ్చు. టీకా మాత్రం అక్కడ వేసుకున్నదై ఉండాలి.

ముందు కాగితాలు. టీకా తేదీ, లాట్ నంబరు (టీకా ఏ బ్యాచ్‌దో చెప్పేది), ఏ చేతికి వేశారన్నది ఉన్న రికార్డు షాపు నుంచి తెప్పించుకోండి. నాదాంట్లో చెయ్యి సంగతే లేదు. ఇక నా సొంత తప్పు. జనవరిలో ఇక్కడ ఎముకల డాక్టరు "ఎన్నాళ్లుగా అమ్మా?" అంటే, "నెల్రోజులుగా సార్" అని నోటికొచ్చింది అనేశాను. ఆయన అదే రాశారు. సిర్వా అనాలంటే టీకా వేసిన 48 గంటల్లో నొప్పి మొదలవ్వాలి! ఆ చీటీ చూసి, అమెరికాలో నా కేసు చూసే లాయరమ్మ తల పట్టుకున్నారు. టీకా మర్నాడు "చెయ్యి లేయడం లేదే" అని మా చెల్లెలికి పెట్టిన వాట్సాప్ మెసేజే ఇప్పుడు నాకు దిక్కు. కాబట్టి మొదటి ఓపీ చీటీలోనే తేదీ, చెయ్యి, టీకా పేరు రాయమని అడగండి. తర్వాత దిద్దించే పని పెట్టుకోవద్దు.

నొప్పి ఆరు నెలలు దాటిందని చూపాలి, అందుకే ఫిజియోథెరపీ రసీదులు దాచండి. టీకాకు ముందు మూడేళ్ల చీటీలూ కావాలి, ఆ భుజానికి పాత నొప్పి లేదని చూపడానికి. మనమేమో వాటి వెనక పాల లెక్క రాసి పారేస్తాం.

గడువు నొప్పి మొదలైన రోజు నుంచి మూడేళ్లు. కోవిడ్ టీకాది వేరే పథకం, దానికి టీకా వేసుకున్న రోజు నుంచి ఏడాదే.

కేసు వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో, షాపు మీద కాదు, ఆరోగ్యశాఖ కార్యదర్శి మీద వేస్తారు. లాయరు మన దగ్గర ఫీజు తీసుకోకూడదు. సరైన ఆధారంతో వేసిన కేసైతే ఓడినా ఫీజు ఈ పరిహార పథకమే ఇస్తుంది. నొప్పికీ బాధకూ గరిష్ఠం 2,50,000 డాలర్లు. ఆ అంకె విని మా ఆడపడుచు అప్పుడే తిరుచానూరులో స్థలం చూసింది. గరిష్ఠం అంటే అందరికీ అంత కాదు తల్లీ అన్నా వినదు.

లాయరమ్మ ఫోన్ చేసేసరికి మనకు రాత్రి అవుతుంది. ఫైలు మంచం పక్కనే ఉంచుకోండి.