స్టార్ట్ కాని కారు వైరింగ్ ముట్టుకునే ముందు జాగ్రత్తలు

☐ గేరు న్యూట్రల్‌లో (ఆటోమేటిక్ అయితే పార్క్‌లో), హ్యాండ్‌బ్రేక్ గట్టిగా. తాళం తీసి జేబులో వేసుకోండి.

☐ ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయండి. 12 వోల్టులకు షాక్ కొట్టదు, నిజమే. కానీ బ్యాటరీ పాజిటివ్ మీది స్పానరుకూ కారు బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వందల ఆంపియర్లు దాని గుండా పారతాయి. క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాల్చేస్తుంది.

☐ బ్యాటరీ ఉబ్బిందా, పగిలిందా, కారుతోందా? అయితే జంప్‌స్టార్ట్ (వేరే బ్యాటరీకి కేబుళ్లు కలిపి స్టార్ట్ చేయడం) ఆలోచనే వద్దు, మార్చాల్సిందే. బాగున్నా సరే, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ పేలడానికి చిన్న నిప్పురవ్వ చాలు.

☐ మల్టీమీటరు ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉందేమో చూడండి. అలాగే బ్యాటరీకి తాకిస్తే నేరుగా షార్టే. వోల్టుల రంధ్రానికి మార్చి, డీసీ 20 రేంజిలో పెట్టండి. కొన్ని గంటలు కదలని కారులో 12.6 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. వోల్టేజి బాగుంటే టెర్మినళ్ల తుప్పునీ, ఎర్త్ వైరునీ (నెగటివ్‌ని కారు బాడీకి కలిపేది) ముందు అనుమానించండి.

☐ విప్పేటప్పుడు మొదట నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ వరుస తప్పితే పాజిటివ్ మీది స్పానరు బాడీకి తగలగానే నిప్పురవ్వలు లేస్తాయి.

☐ ఫ్యూజు అదే ఆంపియర్లది వేయండి. రాగి తీగ చుట్టొద్దు, వైరింగే కాలిపోతుంది.

☐ హైబ్రిడ్ కారైతే నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లొద్దు.