ఢిల్లీ యమునా తీరంలో గల్ పక్షులను గుర్తించడం

నవంబరు నుంచి మార్చి దాకా ఢిల్లీలో నిగంబోధ్ ఘాట్ పక్కనున్న యమునా తీరంలో గల్ అనే నీటి పక్షులు గుంపులు గుంపులుగా పడవల చుట్టూ తిరుగుతుంటాయి. సందర్శకులు విసిరే కారప్పూస కోసం అవి చేతికందేంత దగ్గరకు వస్తాయి కనుక, బైనాక్యులర్ లేనివారికి కూడా వాటిని పరిశీలించడం సాధ్యమవుతుంది. ఆ తిండి వాటికి మంచిది కాదు. ఇతరులు వేస్తున్నప్పుడు నిలబడి చూడటమే మనకు చాలు.

ఇక్కడ కనిపించేవాటిలో అధికభాగం బ్లాక్‌హెడెడ్ (నల్లతల), బ్రౌన్‌హెడెడ్ (గోధుమతల) అనే రెండు జాతులే. చలికాలంలో రెండింటి తలా తెల్లబడి, కంటి వెనుక ఒక ముదురు మచ్చ మాత్రమే మిగులుతుంది. అందువల్ల తలను చూసి పోల్చుకోవాలనుకునేవారు మొదటి ఉదయమే విసిగిపోతారు. చూడవలసింది రెక్క చివరను.

ఎగురుతున్న బ్లాక్‌హెడెడ్ గల్ రెక్క ముందంచున, మణికట్టు వంటి మడత నుంచి కొన దాకా, తెల్లని పట్టీ పొడవుగా సాగుతుంది. నలుపు ఈకల కొనలకే పరిమితమవుతుంది. బ్రౌన్‌హెడెడ్ గల్‌కు రెక్క చివరి భాగమంతా నల్లగా ఉండి, ఆ నలుపులో కొనకు దగ్గరగా తెల్లని మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ఏడాది నిండని బ్రౌన్‌హెడెడ్ పిల్లకు ఈ మచ్చలు ఉండవు. తోక చివర నల్లని పట్టీ, రెక్కల మీద గోధుమరంగు మరకలు కనిపిస్తే అది పిల్ల పక్షి అని గ్రహించి, తెల్లమచ్చల కోసం వెతకడం మాని, ముందంచున తెల్లని పట్టీ ఉందా లేదా అన్నది చూసి తేల్చుకోవాలి.

నీటి మీద వాలి రెక్కలు ముడుచుకున్నప్పుడు కన్ను, ముక్కు ఆధారమవుతాయి. ఎదిగిన బ్రౌన్‌హెడెడ్ గల్ కన్ను పాలిపోయిన తెలుపు, ముక్కు కాస్త దళసరి. బ్లాక్‌హెడెడ్ కన్ను నల్లన, ముక్కు సన్నన. రెండూ పక్కపక్కనే ఉంటే బ్రౌన్‌హెడెడ్ కొంచెం పెద్దదని తెలుస్తుంది గానీ, ఒంటరి పక్షి పరిమాణాన్ని అంచనా వేయడం నమ్మదగిన పద్ధతి కాదు.

డిసెంబరు, జనవరి నెలల పొగమంచులో రంగులన్నీ బూడిదగా కనిపిస్తాయి కాబట్టి, ఎండ వచ్చేదాకా ఆగి, సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకొని నిలబడాలి. ఎగిరే పక్షిని వరుస ఫొటోలు తీస్తే, రెక్క పూర్తిగా విచ్చుకున్న చిత్రం ఒకటైనా దొరుకుతుంది.

వీటికంటే బాగా పెద్దదై, పసుపు ముక్కు చివర నల్లని పట్టీ, ఎరుపు ఉన్న పక్షి కనిపిస్తే అది పల్లాస్ గల్. తోక లోతుగా చీలి, రెక్కలు సన్నగా, ముక్కు పసుపుగా ఉన్నది అసలు గల్ కాదు, రివర్ టెర్న్.

పులికాట్ సరస్సు దగ్గర చూసే తెలుగువారికి కూడా ఈ గుర్తులే పనికొస్తాయి. రెక్క చివర కనబడకుండానే దాటిపోయిన పక్షిని, గుంపులో ఎక్కువగా ఉన్న జాతి ఖాతాలో వేయకుండా, పక్షి పరిశీలనలను నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్ జాబితాలో జాతి తేలని గల్‌గానే నమోదు చేయాలి.