ఆటవెలది నడక తప్పినప్పుడు: లక్షణం, కారణం, సవరణ

పద్యం రాయాలనుకునే తెలుగువారిలో ఎక్కువమంది మొదట పట్టుకునేది ఆటవెలదినే. వేమన పద్యాలు చిన్ననాడే నోటికి వచ్చి ఉండడం వల్ల ఆ నడక మనకు తెలుసనే అనిపిస్తుంది. అయితే కలం పట్టిన తర్వాత పాదం ఎక్కడో కుంటుతుంది, ఎక్కడ కుంటిందో అంతుపట్టదు. అందుకే తప్పున్న పాదాన్ని ఒకదాన్ని ముందుంచుకొని, లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి సవరణకు వెళ్లే పద్ధతిలో ఈ వివరణ సాగుతుంది. ఆ పాదం ఇది:

వాన కురిసి పొలం తడిసి మురిసింది

కొలత గుర్తుచేసుకుందాం. పలకడానికి ఒక మాత్ర కాలం పట్టే పొట్టి అక్షరం లఘువు; దీర్ఘం, సున్న ఉన్నది వంటి రెండు మాత్రల అక్షరం గురువు; వీటి గుంపు గణం. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి; రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు, ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం మీద పడుతుంది. సూర్యగణాలు రెండే: మూడు లఘువుల నగణం, గురువు తర్వాత లఘువు వచ్చే హగణం. ఇంద్రగణాలు ఆరు: నల (నాలుగు లఘువులు), నగ (మూడు లఘువులు, గురువు), సల (రెండు లఘువులు, గురువు, లఘువు), భ (గురువు, రెండు లఘువులు), ర (గురువు, లఘువు, గురువు), త (రెండు గురువులు, లఘువు).

లక్షణం: మాత్రలు లెక్కకు సరిపోయాయి, అయినా పాదం కుంటుతోంది

పై పాదంలో ‘వాన’ హగణం, ‘కురిసి’ నగణం. ‘పొలం’ దగ్గర లఘువు, ఆ తర్వాత గురువు ఉన్నాయి. మాత్రలు మూడే గనుక సరిపోయిందనుకుంటాం, కాని లఘువుతో మొదలై గురువుతో ముగిసే సూర్యగణం లేదు. ‘తడిసి ము’ నలం; పాదం చివర మిగిలిన ‘రిసింది’లో కూడా ఇదే చిక్కు: అది లఘువు, గురువు, లఘువుల జగణం, నాలుగు మాత్రలున్నా ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. మాత్రల మొత్తం కుదిరితే చాలదు, గురువు ఎక్కడ నిలవాలో కూడా ఛందస్సే చెబుతుంది.

ఈ తప్పుకు ముఖ్య కారణం నేటి వాడుక రూపాలు. మనం ‘పొలం’, ‘పుస్తకం’ అని సున్నతో ముగిస్తాం. పద్యభాష ‘పొలము’, ‘పుస్తకము’ అంటుంది. ఆ ఒక్క మార్పుతో చివరి గురువు రెండు లఘువులుగా విడిపోతుంది. ‘పొలము’ అనగానే నగణం దొరికింది; ‘మురిసినది’ అంటే ‘రిసినది’ నాలుగు లఘువుల నలమవుతుంది. ఒక మాత్ర పెంచాలంటే ‘ము’ బదులు ‘ంబు’ రూపం ఉంది. వేమన ‘ఉప్పు కప్పురంబు’ అన్నచోట ‘కప్పురము’ అని ఉంటే మూడో గణం చెదిరిపోయేది. ‘రంబు’ చక్కని హగణం.

లక్షణం: గణవిభజన ఒక్కొక్కరికి ఒక్కో విధంగా వస్తోంది

ఇక్కడ తప్పు గురులఘువుల గుర్తింపులోనే ఉంటుంది. ఒత్తున్న అక్షరమే గురువనే భ్రమ చాలామందికి ఉంటుంది. సంయుక్తాక్షరం తన ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుంది గాని, తాను హ్రస్వమైతే లఘువుగానే ఉంటుంది: ‘భక్తి’లో ‘భ’ గురువు, ‘క్తి’ లఘువు. వట్రసుడి అచ్చుగుర్తే తప్ప ఒత్తు కాదు. ‘అమృతము’ను ‘అమ్రుతము’ అని పలికే అలవాటు వల్ల ‘అ’ను గురువుగా లెక్కవేస్తారు, నిజానికి అందులో నాలుగూ లఘువులే. అరసున్న కూడా అక్షరాన్ని గురువు చేయదు.

మరింత తరచుగా మోసపోయే చోటు పదాల సరిహద్దు. ‘శుభస్వప్నము’ సమాసం కాబట్టి ‘భ’ గురువు. ‘మంచి స్వప్నము’ విడి పదాలు కాబట్టి ‘చి’ లఘువుగానే నిలుస్తుంది. సుమతీ శతకంలోని కందపద్యం (కందం మరో పద్యరూపం) దీనికి మంచి సాక్ష్యం. ‘అక్కరకు రాని చుట్టము’ అని మొదటి పాదం ముగిసి ‘మ్రొక్కిన’ అని రెండోది మొదలవుతుంది. వెనకే ‘మ్రొ’ ఉన్నా ‘చుట్టము’ భగణమే. సందేహం కలిగినప్పుడల్లా ఆ రెండు పదాలూ సమాసంగా అతుక్కున్నాయా, విడిగా ఉన్నాయా అని చూసుకుంటే చాలు.

లక్షణం: గణాలు కుదిరాయి, యతి కుదరలేదు

సరిచేసిన పాదం ‘వాన కురిసి పొలము తడిసి మురిసినది’. నాలుగో గణం ‘త’తో మొదలైంది, ‘వా’కు ‘త’తో మైత్రి లేదు. సంస్కృతంలో యతి అంటే విరామం; తెలుగులో అది అక్షరమైత్రి, కాబట్టి ఆ చోట ఆగనక్కరలేదు, ధ్వని మాత్రం పాదం మొదటి అక్షరాన్ని గుర్తుచేయాలి. మైత్రికి హల్లూ అచ్చూ రెండూ కలవాలి. ప ఫ బ భ వ ఒక జట్టు. క ఖ గ ఘ మరొకటి. చ ఛ జ ఝ లతో శ ష స చేరుతాయి. అచ్చుల్లో అ ఆ ఐ ఔ ఒక వైపు, ఇ ఈ ఎ ఏ ఒక వైపు, ఉ ఊ ఒ ఓ ఒక వైపు. హల్లు ఒకటేనని ‘కా’కు ‘కు’ను జత చేయడం కొత్తవారు చేసే తప్పుల్లో మొదటిది, ‘కా’కు ‘గై’ కుదురుతుంది, ‘కు’ కుదరదు.

యతి కోసం కొందరు ఇలా సవరిస్తారు: ‘వాన కురిసి పొలము వసుధలో తడిసెను’. కొలత దోషం పోయింది, కవిత్వమూ పోయింది. పొలం వసుధలో కాక ఎక్కడ ఉంటుంది? కేవలం చోటు నింపడానికి వచ్చిన మాటను వ్యర్థపదమంటారు. యతి తప్పిన పాదంకన్నా వ్యర్థపదంతో కుదిరిన పాదమే నన్ను ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే మొదటి తప్పు పట్టుబడుతుంది, రెండోది సరైనదన్న పేరుతో నిలిచిపోతుంది. యతిస్థానానికి మాట వెతకకుండా భావంలో ఇంకా చెప్పకుండా మిగిలిందేమిటో వెతకాలి. తడిసిన పొలం ఏమవుతుంది? పచ్చబడుతుంది:

వాన కురిసి పొలము పచ్చనై మురిసెను

‘వా’కు ‘ప’ మైత్రి. ‘పచ్చనై’ రగణం, ‘మురిసెను’ నలం. తడవడం వానలోనే ఉంది కనుక ఆ మాట పోయినా నష్టం లేదు.

మైత్రి దొరకని చోట ఆటవెలదికి ప్రాసయతి అనే మరో దారి ఉంది. పాదంలోని రెండో అక్షరపు హల్లే యతిస్థానం పక్క అక్షరంలోనూ రావాలి, వాటి ముందున్న అక్షరాలు రెండూ గురువులో రెండూ లఘువులో కావాలి. ‘వాన కురిసి పొలము మేనెల్ల పులకించె’ అన్నప్పుడు ‘వాన’కూ ‘మేనె’కూ నకారం కలిసింది. వేమన ‘చూడఁ జూడ రుచుల జాడ వేరు’ అన్నదీ ఇదే పద్ధతి. ‘చూ’కూ ‘జా’కూ అచ్చుమైత్రి లేదు, ‘డ’ ఆ పని చేసింది.

ఒక్కోసారి సరైన యతే తప్పుగా కనిపిస్తుంది. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’లో ‘ఉ’కు ‘నొ’ ఎలా చెల్లింది? అక్కడి మాట ‘ఒక్క’. నకారం సంధిలో వచ్చి చేరింది. లోపలి ‘ఒ’తో ‘ఉ’కు మైత్రి ఉంది. సంధి జరిగిన చోట పదాన్ని విడదీసి చూడనిదే యతి తప్పిందని తీర్పు చెప్పకూడదు.

లక్షణం: కందంలో ప్రాస పాటించినా చెవికి ఎదురు తిరుగుతోంది

ఆటవెలదికి ప్రాసనియమం లేదు. కందానికి మారినప్పుడు ఈ చిక్కు మొదలవుతుంది. రెండో అక్షరపు హల్లు నాలుగు పాదాల్లో ఒకటిగా ఉంటే చాలదు, దాని ముందు అక్షరం కూడా అన్ని పాదాల్లో గురువో లఘువో ఒకే తీరుగా ఉండాలి. ‘చీకటి’తో మొదలైన పద్యంలో ‘మకుటము’ రాకూడదు. ‘ఆకస’, ‘లోకము’ రావచ్చు. ద్విత్వానికి ద్విత్వమే జత: అక్కర, మ్రొక్కిన, ఎక్కిన, గ్రక్కున.

లక్షణం: దోషం ఒక్కటీ లేదు, అయినా ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది

నేను పైన సవరించిన పాదానికే ఈ లోపం ఉంది. వాన, కురిసి, పొలము, పచ్చనై, మురిసెను: ప్రతి గణం దగ్గరా మాట కూడా ముగిసింది, కాబట్టి చదువుతుంటే వరసగా రాళ్లు పేర్చినట్టు ఉంటుంది. వేమన పాదంలో ‘కప్పురంబు’ రెండు గణాల మీదుగా, ‘పోలిక’ మరో రెండింటి మీదుగా నడుస్తాయి. గణం ఆగే చోట మాట ఆగదు, మాట ఆగే చోట గణం ఆగదు, ఆ ఒరిపిడిలోనే నడక పుడుతుంది. అందువల్ల కనీసం రెండు చోట్లయినా పదం గణాన్ని దాటేటట్టు చూసుకోవాలి. అలాగే హగణాలే వరసగా రాకుండా మధ్యలో నగణాలు పడితే పాదం తేలికపడుతుంది. ‘రైతు కంట నీరు రత్నమయ్యె’లో అయిదూ హగణాలే, కొలత తప్పలేదు గాని బరువుగా నడుస్తుంది. రెండు పాదాలనూ మళ్లీ రాస్తే:

వాన కురియఁగానె పచ్చనాయెఁ బొలము
రైతు కనుల వెలుగు రవలు చిందె

‘కురియఁగానె’, ‘పచ్చనాయెఁ’ గణాల సరిహద్దులు దాటాయి. రెండో పాదం నడుమ మూడు నగణాలు వచ్చాయి. ‘రై’కి ‘ర’ యతి కుదిరింది.